చెయ్యి వేసి చూడండి

పెళ్ళయిన కొత్తలో రేణుక ఓడిపోయింది ఒక్క పెరుగు దగ్గరే.

అన్నం పలుకు పలుకుగా వచ్చేది. పులుసులు కుదిరేవి. అత్తగారు ఫోన్లో నేర్పిన ఆవపెట్టిన పనసపొట్టు కూర కూడా ఒక్క దెబ్బకే కుదిరింది. కానీ పుష్యమాసపు చలికి తాళ్ళవలస చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్సులో రాత్రి తోడుపెట్టిన పాలు పొద్దున్నకి పాలుగానే ఉండేవి. గిన్నెను బియ్యం డబ్బాలో కూరింది. దుప్పటి చుట్టింది. పక్కింటావిడ చెప్పిందని ఎండుమిరప తొడిమలు వేసింది. త్రినాథ్ రోజూ గిన్నె వంచి చూసి, "ఇది గ్లాసులో పోసివ్వు, తాగేసి డ్యూటీకి పోతాను," అనేవాడు. ఆమె అతని వీపు మీద ఒక్కటి చరిచేది. ఆ చరుపు కోసమే అతను గిన్నె వంచుతాడని ఆమెకు తెలుసు.

ఇంట్లో ఇద్దరూ నువ్వు అంటే నువ్వు. వీధిలోకి వస్తే మాత్రం ఆమె నోట "మీరు", "ఏమండీ" వచ్చేవి. ఈ నాటకం ఇద్దరికీ మహా సరదాగా ఉండేది.

త్రినాథ్ మిల్లు హౌసులో ఇంజనీరు. రేణుక రోజూ పాసింజరు రైలెక్కి నగరంలోని లోహ పరిశోధన కేంద్రానికి వెళ్ళి వచ్చేది. వాళ్ళిద్దరినీ కలిపింది ఒక బుష్. ఆమె పోతపోసిన బుష్‌ను అతని మిల్లులో బిగించడానికి వెళ్ళినప్పుడే మాటలు కలిశాయి. స్నేహితురాళ్ళు ఇప్పటికీ దాన్ని 'పెళ్ళి పెద్ద' అని ఏడిపిస్తారు.

గుండ్రటి బంతులేవీ లేని, వట్టి గొట్టంలాంటి బేరింగే బుష్. ఎద్దుబండి చక్రంలో ఉండేదీ, కుట్టుమిషన్లో ఉండేదీ, చెరకు నలిపే పెద్ద రోలర్ల కింద ఉండేదీ అదే. ఎంత బరువైనా నోరెత్తకుండా మోస్తుంది. దాని షరతు ఒక్కటే. తిరిగే ఇరుసుకూ తనకూ మధ్య సన్నటి నూనె పొర ఉండాలి. ఆ పొర తెగిందా, రాపిడి మొదలవుతుంది. రాపిడికి వేడెక్కుతుంది, కీచుమంటుంది, చివరికి ఇరుసును కరిచి పట్టుకుంటుంది.

ఆ షరతునే కొట్టిపారేసింది 'శీతల'. అది రేణుక పనిచేసే కేంద్రంలో డాక్టర్ చక్రధర్ కనిపెట్టిన మిశ్రమ లోహం. దానితో చేసిన బుష్‌కు నూనె అక్కర్లేదు. ఎంత రాపిడి పెట్టినా వేడెక్కదు. కేంద్రానికి ఎవరొచ్చినా సరే, చక్రధర్ వాళ్ళను గిర్రున తిరుగుతున్న ఇరుసు దగ్గరికి తీసుకుపోయేవాడు. వాళ్ళ మణికట్టు తానే పట్టుకుని అరచేతిని బుష్ మీద పెట్టేవాడు.

"చెయ్యి వేసి చూడండి! కుండలో నీళ్ళలా లేదూ?"

అందరూ నోరు తెరిచేవారు. వేడి ఎక్కడికి పోతుందని ఎవరైనా అడిగితే, "లోహపు అమరికలో సర్దుకుంటుందండీ," అని నవ్వేసేవాడు.

శీతల బుష్‌లు బిగించాక మిల్లులో మాత్రం ఎనిమిది మంది ఆయిల్‌మన్లు సర్దుకోవలసి వచ్చింది. నూనె అక్కర్లేకపోతే నూనె పోసేవాళ్ళెందుకు? వాళ్ళను పిప్పి గోదాములోకి తోసేశారు. వాళ్ళలో పెద్దవాడు సింహాచలం. బేరింగు మీద అరచెయ్యి ఆనించి ఎంత నూనె కావాలో చెప్పడమే అతని బతుకు. ఇప్పుడు తలనిండా చెరకు పిప్పితో గేటు దగ్గర ఎదురై, రేణుకను చూసి ఓ మాట అనకుండా పోయేవాడు కాదు.

"అమ్మగోరూ, మీ బుష్షుకి నూనె అక్కర్నేదంట. నాకు మట్టుకు కూరలోకి కావాల గదేటి?"

ఆమెకు తల ఎత్తబుద్ధి అయ్యేది కాదు.

*

పెరుగు సంగతి అనుకోకుండా తేలింది. ఒకరోజు సాయంత్రం పరీక్ష ముగిసిన బుష్ ఒకటి, అరచేతిలో పట్టేంతది, రేణుక సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకుందామని. వంటింటి గట్టు మీద ఉన్న దానిమీద పాలగిన్నె పెట్టి పడుకుంది. తెల్లారేసరికి పెరుగు! గిన్నె బోర్లించినా కదలని పెరుగు!

"పెళ్ళి పెద్ద తోడు కూడా పెడుతున్నాడే!" అన్నాడు త్రినాథ్. ఆ పూట ఇద్దరూ ఒకే కంచంలో పెరుగన్నం తిన్నారు. నంజుకోవడానికి ఊరమిరపకాయ ఒక్కటే మిగిలితే దాని కోసం కొట్టుకున్నారు.

మర్నాడు అదే బుష్ మీద పెడితే పెరుగు తోడుకోలేదు.

రేణుకలోని విద్యార్థిని నిద్ర లేచింది. ఆ రోజు సాయంత్రం వరకూ తిరిగిన మరో బుష్ తెచ్చి పెట్టింది. తోడుకుంది. వారంగా బీరువాలో పడున్నదాన్ని తెచ్చింది. తోడుకోలేదు. ఆదివారానికని శనివారం బాగా బరువు పెట్టి తిప్పినదాన్ని తెచ్చింది. పొద్దున్నే చూస్తే పెరుగు విరిగి, నీళ్ళు పైకి తేలి, పుల్లటి కంపు కొడుతోంది. గిన్నె ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

స్టవ్ పక్కనే కూర్చుండిపోయింది. తిరిగినన్నాళ్ళూ మింగిన వేడి ఎక్కడికీ పోలేదు. అక్కడే ఉంది. ఆగితే కక్కుతుంది.

అప్పుడు గుర్తొచ్చింది ఐదింటి స్విచ్. కేంద్రంలో అదొక రివాజు. ఎప్పుడో ఎవరో పొయ్యి ఆర్పకుండా ఇంటికిపోతే ఓ గది తగలబడిందట. అప్పటి నుంచీ ఐదు కొట్టగానే వాచ్‌మన్ మెయిన్ స్విచ్ దించి తాళం వేస్తాడు. శీతలను వేల గంటలు పరీక్షించామని గొప్పగా చెప్పుకున్నారు. ఆ గంటలన్నీ పగటి గంటలే. ప్రతి రాత్రీ ఎవరూ చూడని గదిలో బుష్ తన వేడంతా కక్కుకుని, పొద్దున్నకి ఖాళీ కడుపుతో చల్లగా కూర్చునేది. పదింటికి మనుషులొచ్చి దాన్ని ముట్టుకుని మురిసిపోయేవారు.

చెరకు మిల్లుకు ఐదు గంటల స్విచ్ లేదు. క్రషింగ్ మొదలైతే రాత్రీ లేదు, పగలూ లేదు.

సోమవారం వాచ్‌మన్‌ను బతిమాలి ఒక్క యంత్రానికి మాత్రం కరెంటు ఉంచమంది. మంగళవారం ఆమె వచ్చేసరికి గది ముందు వాచ్‌మన్ బిక్కచచ్చి నిలబడున్నాడు.

"టీ తాగడానికని అటు ఎల్లాను తల్లీ. అదే లోపలుంటేనా..."

కిటికీ అద్దం పగిలింది. బల్ల చెక్క బొగ్గయింది. బుష్ ఇరుసును కరిచి పట్టుకుని రెండూ ఒకే ముద్దయ్యాయి. ఉక్కు ఇరుసు నెమలి మెడలా నీలం రంగు తిరిగింది. అతను టీకి లేచేదాకా కీచుమనలేదు, పొగ రాలేదు, వేడెక్కలేదట. నిండేదాకా చల్లగా ఉండి, నిండగానే ఒక్కసారి కక్కింది.

*

చక్రధర్ గదిలో ఏసీ చల్లగా వీస్తోంది. రేణుక చెప్పిందంతా ఆయన కుర్చీలో ఊగుతూ విన్నాడు.

"వేడి బయటికొస్తుందని నాకు తెలియదనుకున్నావా? మొదటి ఏడాదే తెలుసు. ఆ గదిలో గోడ రంగు పసుపెక్కిపోయింది, చూడలేదూ? దానిమీద ఇంకో పేటెంటు రాయొచ్చని అట్టే పెట్టాను."

రేణుక బల్ల మీదికి వంగింది.

"తెలిసి... తెలిసి మిల్లువాళ్ళకు చెప్పలేదా సార్?"

"ఎందుకమ్మాయ్, బెదరగొట్టడానికా? మన దేశంలో ఆగని చెరకు మిల్లు ఎక్కడైనా చూశావా? పిన్ను విరుగుతుంది, ఆవిరి చాలదు, చెరకు బళ్ళు రావు. వారానికో పదిరోజులకో ఆగి తీరుతుంది. ఆగితే చల్లబడుతుంది. అన్నీ ఆలోచించే ఇచ్చాను."

"ఈ ఏడు ఆగలేదు సార్! కార్తీకమాసంలో మొదలుపెట్టింది ఇవాళ్టికీ ఆగలేదు. మీ బుష్ పుణ్యమే. గేటు దగ్గర బోర్డు కూడా కట్టారు. 'ఆగని చక్రం' అని!"

ఆయన ఊగడం ఆపాడు. ముఖంలో భయం కనిపిస్తుందని ఆమె చూసింది. కనిపించింది చిరాకు.

"వచ్చే నెల మంత్రిగారు వస్తున్నారు. అదయ్యాక ఏదో వంక పెట్టి ఓ రోజు ఆపిద్దాం. ఈలోగా ఎక్కడా నోరు జారకు. కొత్తగా పెళ్ళయిన పిల్లవి, హాయిగా సినిమాకో షికారుకో వెళ్ళక ఎందుకీ హైరానా?"

"మా ఆయన ఆ మిల్లులోనే ఉంటాడు సార్."

"అయితే ఇంకేం, భార్య చేసిన బుష్! గర్వపడతాడు."

రేణుకకు అర్థమైంది. ఈయన సొంత లోహాన్ని నమ్ముకోలేదు. దేశంలోని బద్ధకాన్ని, విరిగే పిన్నునీ నమ్ముకున్నాడు. యంత్రాలు చెడిపోతాయన్న ధీమా మీద మనుషుల ప్రాణాలు పెట్టాడు. ఆమె లేచింది. బయటికి వచ్చి, ముద్దయిపోయిన బుష్‌నూ ఇరుసునూ పాత తువ్వాల్లో చుట్టి, సంచిలో వేసుకుని స్టేషనుకు పరుగెత్తింది.

రైల్లో దారంతా లెక్కలు వేసింది. మిల్లు బుష్ ఇంత పెద్దది, అది మోసే బరువు ఇంత, తిరిగిన రోజులు ఇన్ని. ఎటు తిప్పి వేసినా జవాబు ఈ వారంలోనే వచ్చి నిలబడింది.

*

గేటు దగ్గర 'ఆగని చక్రం' బోర్డు మీద ఆగకుండా తిరిగిన రోజుల అంకె తెల్లగా మెరుస్తోంది. ఆ అంకె రోజూ మార్చేది త్రినాథే. డ్యూటీ ఎక్కగానే సుద్దముక్క తీసుకుని, నిన్నటిది చెరిపి కొత్తది దిద్దుతాడు. గుండ్రంగా, ముద్దుగా రాస్తాడు. వంటింట్లో ఆమె ఆ సంగతి చెప్పించుకుని వినేది. ఇవాళ ఆ అంకెను దాటి లోపలికి పరుగెత్తింది.

మిల్లు హౌసులో రోలర్లు గుర్రుమంటున్నాయి. నాలుగు మిల్లులు వరసగా చెరకును నమిలి ఒకదాని నుంచి ఇంకోదానికి అందిస్తున్నాయి. కింద తొట్లలోకి ఆకుపచ్చటి రసం ధార కడుతోంది. ఆమెను చూడగానే త్రినాథ్ ముఖం వెలిగింది. ఆమెకని ఒలిచి ఉంచిన చెరకుముక్క పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఏంటి, ఇవాళ అప్పుడే..."

"మిల్లు ఆపించండి."

అతను నవ్వాడు. ఆమె సంచిలోంచి తువ్వాలు విప్పి ఆ ముద్దను అతని బల్ల మీద పెట్టింది. ఊపిరి తీసుకోకుండా చెప్పింది. చెరకుముక్క అతని చేతిలోనే ఉండిపోయింది.

అతను మొదటి మిల్లు దగ్గరికి వెళ్ళి బేరింగు మీద అరచెయ్యి ఆనించాడు.

"చల్లగానే ఉంది రేణూ."

"అదే కదా నా ఏడుపు! నిండేదాకా చల్లగానే ఉంటుంది. దాని కడుపులో మూడు నెలల నిప్పుంది."

త్రినాథ్ ఫ్యాక్టరీ జి.ఎం.కు ఫోన్ చేశాడు. అవతలి గొంతు ఆమెకూ వినబడేంత గట్టిగా ఉంది. "మీ ఆవిడ చెప్పిందని మిల్లు ఆపుతావా? యార్డులో ఎన్ని బళ్ళున్నాయో తెలుసా? ఆపితే నీ ఉద్యోగం కూడా ఆగిపోతుంది, చూసుకో."

త్రినాథ్ ఫోన్ పెట్టేశాడు. రోలర్ల వైపు చూశాడు. గేటు వైపు చూశాడు. ఆ బోర్డే గుర్తొచ్చి ఉంటుంది.

"ఇంకొక్క రోజు ఆగితే, నేను పై వాళ్ళతో మాట్లాడి..."

"నువ్వు ఎవడితో మాట్లాడతావ్?" రేణుక అరిచింది. చుట్టూ పనివాళ్ళు తలలు తిప్పారు. మిల్లులో అందరి ముందూ ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు. "ఆయనకు మంత్రి కావాలి. ఈయనకు బళ్ళు కావాలి. నీకు బోర్డు మీద అంకె కావాలి. ఇక్కడ నిలబడ్డవాళ్ళు ఎవరికి కావాలి? ఇది చూడు! నువ్వు ఇంజనీరువి కదా, ఈ నీలం రంగు చూసి చెప్పు. ఎంత వేడెక్కితే ఉక్కు ఈ రంగు తిరుగుతుంది? ఇది అరచేతిలో పట్టేంత బుష్. నీ నాలుగో మిల్లుది ఎంతుంటుంది?"

త్రినాథ్ ఆ నీలం ఇరుసును వేలితో తడిమాడు. అతనికి ఎవరూ ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. వెళ్ళి ఎర్ర బొత్తాం నొక్కాడు.

కార్తీకం నుంచీ ఆగని మోత ఆగింది. ఆ నిశ్శబ్దానికి యార్డులోని కాకులు కూడా లేచిపోయాయి.

"అందరూ వెనక్కి! రోలర్ల దగ్గర ఎవరూ ఉండొద్దు!" అని కేక పెట్టాడు. నీళ్ళ గొట్టాలు పట్టడానికి చేతులు చాలక, పిప్పి గోదాములోంచి పాత ఆయిల్‌మన్లను పిలిపించాడు.

మొదట ఏమీ కాలేదు. ఎవడో కిసుక్కున నవ్వాడు కూడా. తర్వాత మొదటి మిల్లు కింద తొట్టిలో రసం సన్నగా పాడటం మొదలెట్టింది. అంచుల్లో బుడగలు లేచాయి. నురగ పొంగింది. కమ్మటి వాసన హాలంతా కమ్మింది.

"ఒరే, బుష్షు బెల్లం వండేస్తందిరోయ్!" అని ఒకడు అరిస్తే గొల్లున నవ్వారు.

ఆ నవ్వు ఎంతోసేపు లేదు. బెల్లం మాడింది. వాసన చేదెక్కి గొంతులో గుచ్చుకుంది. బేరింగుల మీది రంగు బొబ్బలెక్కి ఊడిపోయింది. నాలుగో మిల్లు దగ్గర ఇనుము మెల్లగా ఎర్రబారుతుంటే అందరూ గోడకు ఆనుకుపోయారు. గొట్టాలతో కొట్టిన నీళ్ళు దాన్ని చేరకుండానే ఆవిరైపోతున్నాయి. తిరుగుతూ ఉండగానే ఇది నిండి ఉంటే, తామెవరూ ఇలా గోడకు ఆనుకుని చూస్తూ ఉండేవాళ్ళం కాదని అక్కడున్న ప్రతివాడికీ అర్థమైంది.

పొద్దు వాలేసరికి మొదటి మిల్లు మీద ఆవిరి తగ్గింది. నీళ్ళు పడి పైన తడిగా, నల్లగా, మంచి పిల్లవాడిలా కూర్చుంది. గొట్టం పట్టుకుని అందరికంటే దగ్గరగా నిలబడ్డవాడు సింహాచలం. ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. చల్లబడిందో లేదో చూద్దామని గొట్టం ఎడమచేతికి మార్చుకుని, కుడి అరచెయ్యి ఆనించాడు.

లోపల ఉన్న నిప్పు అప్పుడే మళ్ళీ పైకి వస్తోంది.

అతని కేక కంటే, ఆ చెయ్యి వెనక్కి వచ్చినప్పటి చప్పుడే రేణుక చెవుల్లో ఉండిపోయింది.

*

మర్నాడు ఆస్పత్రిలో సింహాచలం భార్య అతనికి పెరుగన్నం తినిపిస్తోంది. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. డాక్టరు వేళ్ళు ముడుచుకోవని చెప్పేశాడు.

రేణుక మంచం పక్కన నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏడవకండమ్మగోరూ," అన్నాడతను. "నూనె డబ్బా మళ్ళీ ఇస్తారని సూస్తన్నాను. ఇంకిచ్చినా పట్టుకోనేను. అదీ ఒక నిశ్చింతే గదా."

అతను నవ్వబోయాడు. భార్య ముద్ద కంచంలో పడేసి మొహం తిప్పుకుంది. రేణుక ఏడవలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు ఎప్పుడో ఆవిరయ్యాయి.

మిల్లుకు వెళ్ళేసరికి గేటు దగ్గర త్రినాథ్ సస్పెన్షన్ కాగితం జేబులో పెట్టుకుని నిలబడున్నాడు. బోర్డు మీద అంకె లేదు. తడిగుడ్డతో అతనే తుడిచేశాడు. చెయ్యి చాచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వీధిలో, అందరి ముందూ.

"చక్రధర్ వచ్చాడు. లోపలున్నాడు, పద," అన్నాడు.

మిల్లు హౌసులో నాలుగో మిల్లు చుట్టూ కొబ్బరి తాడు కట్టి ఉంది. దాని లోపలి నుంచి ఇంకా సెగ కొడుతోంది. తాడుకు ఇవతల జి.ఎం., కంపెనీ నుంచి వచ్చిన ఇద్దరు, వాళ్ళ మధ్యలో ఇస్త్రీ నలగని చొక్కాతో డాక్టర్ చక్రధర్. గోడ పొడుగునా పనివాళ్ళు నిలబడున్నారు.

"దీన్ని ప్రమాదం అనకండి," అంటున్నాడాయన. "ఆవిష్కరణ అనండి. మూడు నెలల వేడిని దాచి తిరిగిచ్చిందంటే సామాన్యమా? బాయిలరే అక్కర్లేని రోజొస్తుంది. ఒక మనిషి తొందరపాటు వల్ల చిన్న గాయమైంది, అంతే. పైకి చూస్తే ఇప్పుడు మామూలుగానే ఉంది కదా?"

రేణుక జనంలోంచి ముందుకు నడిచింది. తాడు దగ్గర ఆగింది. వంగి, దాన్ని ఒక మనిషి దూరేంత పైకి ఎత్తి పట్టుకుంది.

"చెయ్యి వేసి చూడండి సార్."

ఆయన నవ్వాడు. ఎవరూ నవ్వలేదు.

"రేణుకా, ఇది సమయం కాదు..."

"మామూలుగానే ఉందన్నారుగా. ఎంతమంది చేతులు దీనిమీద పెట్టించారు సార్? మంత్రుల చేతులు, సెక్రటరీల చేతులు. ఒక్కసారి మీది." ఆమె గొంతు పెరగలేదు. "మణికట్టు పట్టుకోమంటే పట్టుకుంటాను."

గోడ పక్కన ఆయిల్‌మన్లలో ఒకడు ముందుకొచ్చాడు. తర్వాత ఇంకొకడు. సెగలో మాడిన బెల్లం వాసన ఇంకా వస్తోంది.

డాక్టర్ చక్రధర్ మొదట జి.ఎం. వంక చూశాడు. జి.ఎం. నేల చూశాడు. అప్పుడాయన తన రెండు చేతులనూ మెల్లగా వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

రేణుక తాడు దించలేదు.